వర్చువల్ మనిషితో పని చేయించి చూస్తే మిర్చి షెడ్డులో నడుం నొప్పులు తగ్గుతాయా?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్తాను, పొరపాటుగా అర్థం చేసుకుని ఉంటే సరిదిద్దండి. వరంగల్ దగ్గర మీ మేనమామ ఎండుమిర్చి గ్రేడింగ్, ప్యాకింగ్ కోసం కొత్త షెడ్డు వేస్తున్నారు. పాత షెడ్డులో తాలు (రంగు పోయిన నాసిరకం కాయలు) ఏరే ఆడవాళ్లకు మెడ, భుజాలు లాగేస్తున్నాయి. బస్తాలు ఎత్తే మగవాళ్లకు నడుం పట్టేస్తోంది. మీరు మెకానికల్ బీటెక్ చదివారు. షెడ్డు కట్టకముందే కంప్యూటర్‌లో గీసి, అందులో వర్చువల్ మనిషిని నిలబెట్టి, పని చేయించి చూసి, దాన్నిబట్టి బల్లలు, కాటా, ట్రాలీ ఎక్కడ పెట్టాలో తేల్చుకోవాలని మీ ఆలోచన. ఇది నిజంగా పనిచేస్తుందా, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి, కళ్లకు తొడుక్కుంటే కంప్యూటర్‌లో గీసిన చోటే నిలబడ్డట్టు చూపించే వీఆర్ హెడ్‌సెట్ కొనాలా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే: పనిచేస్తుంది. కానీ రెండు మూడు లేఅవుట్లలో ఏది మేలో తేల్చడానికే పనిచేస్తుంది. ఫలానా మనిషికి నొప్పి వస్తుందో రాదో అది చెప్పలేదు. హెడ్‌సెట్ ఇప్పుడు కొనకండి. ఖరీదైన సాఫ్ట్‌వేర్ కూడా మొదటి నెలలో అక్కర్లేదు. ముందుగా కావాల్సింది ఒక కొలత టేపు, ఫోను, బరువు చూసే కాటా, పాత షెడ్డులో మూడు పూర్తి రోజులు నిలబడి చూసే ఓపిక. ఆ మూడు రోజులు లేకుండా చేసిన సిమ్యులేషన్ (కంప్యూటర్‌లో పని చేయించి చూడటం) చూడటానికి ఎంత బాగున్నా నేను నమ్మను. ఎందుకో నా అనుభవంతోనే చెప్తాను.

నేను పదహారేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. మొదట్లో పుణెలో వాహనాలు తయారుచేసే చోట అసెంబ్లీ లైన్ల మీద పనిచేశాను. తర్వాత హన్మకొండ వచ్చేశాను. ఇప్పుడు చుట్టుపక్కల జిన్నింగ్ మిల్లులు, రైస్ మిల్లులు, కొత్తవాడ జంపఖానా మగ్గాలు, సిరిసిల్ల మరమగ్గాలు, మీలాంటి మిర్చి యూనిట్లు చూస్తున్నాను.

ఈ వర్చువల్ మనిషి నిన్న మొన్న పుట్టింది కాదు. 1960లలోనే బోయింగ్ సంస్థలో విలియం ఫెటర్ విమానం కాక్‌పిట్‌లో పైలట్ చేయి ఎంతవరకు అందుతుందో చూడటానికి కంప్యూటర్‌తో మనిషి బొమ్మ గీయించాడు. ఆ దశాబ్దం చివర్లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ యూనివర్సిటీలో సామీ అనే ప్రోగ్రాం మొదలైంది. 1980లలో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో నార్మన్ బాడ్లర్ బృందం జాక్ అనే బొమ్మను తయారుచేసింది, అది ఇప్పుడు సీమెన్స్ చేతిలో ఉంది. కార్ల సీట్ల కోసం జర్మనీలో రామ్‌సిస్ వచ్చింది. ఇదంతా చెప్పడానికి కారణం ఉంది. ఈ బొమ్మలు పుట్టింది విమానాల కోసం, కార్ల కోసం. అక్కడ మనిషి సీట్లో కూర్చుంటాడు, లేదంటే బల్ల ముందు నిలబడతాడు. మన పని చాలావరకు నేల మీద. ఈ తేడా ముందు ముందు మిమ్మల్ని అడుగడుగునా పట్టుకుంటుంది.

మొదటి చిక్కు: ఆ బొమ్మ ఎవరి కొలతలతో ఉంది?

ఇది నేను చేసిన తప్పే కాబట్టి వివరంగా చెప్తాను. తిరిగొచ్చిన కొత్తలో ఒక ప్యాకింగ్ యూనిట్‌కు ఏరివేత బల్లలు డిజైన్ చేశాను. సాఫ్ట్‌వేర్‌లో తెరవగానే వచ్చే మగ బొమ్మ దాదాపు 175 సెంటీమీటర్ల ఎత్తు. మనిషి నిలబడితే నేల నుంచి మోచేతి వరకు ఉండే ఎత్తు, మొత్తం ఎత్తులో సుమారు 63 శాతం. అంటే ఆ బొమ్మ మోచేయి 110 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. చేత్తో ఏరే తేలికపాటి పనికి బల్ల మోచేతికి ఐదు నుంచి పది సెంటీమీటర్లు కిందుండాలి కదా అని బల్ల ఎత్తు 100 పెట్టాను. ఒంటికి భారం లేకపోతే పచ్చరంగు, ఉంటే ఎరుపు చూపిస్తుంది సాఫ్ట్‌వేర్. స్క్రీన్ మీద అన్నీ పచ్చరంగులోనే వచ్చాయి. ఎక్కడా ఎరుపు లేదు.

బల్లలు వేసిన మూడో రోజు వెళ్లాను. ప్రతి బల్ల ముందు ఇటుకలు పేర్చి ఉన్నాయి. ఆడవాళ్లు వాటి మీదెక్కి పనిచేస్తున్నారు. ఒకామె ఇటుక కదిలి పడబోయి బల్ల అంచు పట్టుకుని ఆగింది. అక్కడున్న వాళ్లలో ఎక్కువమంది 150 సెంటీమీటర్ల చుట్టూ ఉన్నారు. వాళ్ల మోచేయి 94, 95 దగ్గర ఉంటుంది. అంటే నేను వేసిన బల్ల వాళ్ల మోచేతి కంటే పైన ఉంది. రోజంతా భుజాలు పైకెత్తి పనిచేయాల్సిందే. పెద్దామె ఒకరు నాతో అన్నారు, "బిడ్డా, పొద్దుమీకేసరికి రెక్కలు గుంజుతున్నయి. మాకు కొలిస్తే అయిపోవు గదా" అని. ఆ మాట నేను మరిచిపోలేదు. ఆ రోజు నుంచి టేపు లేకుండా ఏ షెడ్డులోనూ అడుగుపెట్టలేదు.

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. షెడ్డులో పనిచేసే ప్రతి ఒక్కరి దగ్గర ఐదు కొలతలు తీసుకోండి: ఎత్తు, నిలబడితే మోచేతి ఎత్తు, కూర్చుంటే మోచేతి ఎత్తు, ముందుకు చేయి చాపితే అందే దూరం, మోకాలి ఎత్తు. చెప్పులతో కొలిచారో లేకుండా కొలిచారో రాసుకోండి. ఆడవాళ్ల కొలతలు ఆడవాళ్ల చేతే తీయించండి. పోల్చి చూసుకోవడానికి అహ్మదాబాద్‌లోని డిజైన్ విద్యాసంస్థ ఎన్ఐడీ 1997లో అచ్చువేసిన భారతీయుల శరీర కొలతల పట్టికలు ఉన్నాయి. అవి మంచివే. అయినా పాతిక మంది ఉన్న షెడ్డుకు ఆ పాతిక మంది కొలతల కంటే మంచి పట్టిక లేదు.

ఇక్కడ చాలామంది సగటు తీసేసి, సగటు మనిషికి బల్ల చేయిస్తారు. దయచేసి అలా చేయకండి. 1950లలో అమెరికా వైమానిక దళంలో గిల్బర్ట్ డేనియల్స్ అనే ఆయన 4,063 మంది పైలట్ల కొలతలు తీసి, పది కొలతల్లోనూ సగటుకు దగ్గరగా ఉన్నవాళ్లు ఎంతమందో లెక్కేశాడు. ఒక్కరూ లేరు. సిమ్యులేషన్‌లో బొమ్మలు కనీసం రెండుండాలి: మీ షెడ్డులో అందరికంటే పొట్టిగా ఉన్న ఆడమనిషి ఒకటి, అందరికంటే పొడుగ్గా ఉన్న మగమనిషి ఒకటి. అందే దూరం పొట్టి బొమ్మతో చూడాలి. తల తగలకుండా, మోకాళ్లు పట్టేలా ఖాళీ ఉందా అన్నది పొడుగు బొమ్మతో చూడాలి. ఇద్దరికీ కుదిరే ఒకే ఎత్తు దొరకదు. ఎత్తు మార్చగలిగే బల్ల చేయించండి. కాళ్లకు వరసగా రంధ్రాలు పెట్టి బోల్టు మార్చుకునేలా ఏ వెల్డింగ్ షాపులోనైనా చేసిస్తారు.

రెండో చిక్కు: ఆ బొమ్మ ఎలా కదులుతోంది?

అసలు కష్టం ఇక్కడుంది. కొలతలు తప్పితే కంటికి కనిపిస్తుంది, కదలిక తప్పితే కనిపించదు. బొమ్మను కదిలించే దారులు స్థూలంగా మూడు. ఒకటి, మీరే కీళ్లను ఒక్కొక్క భంగిమలో పెట్టుకుంటూ పోవడం. రెండు, చేయి ఇక్కడికి చేరాలి అని చెప్తే మిగతా కీళ్లు ఎలా వంగాలో ప్రోగ్రామే లెక్కేసుకోవడం. మూడు, నిజమైన మనిషి కదలికను కెమెరాలతోనో ఒంటికి కట్టిన సెన్సర్లతోనో పట్టుకుని బొమ్మకు ఎక్కించడం. రెండోది అన్నిటికంటే సులువు, అందుకే అందరూ దాన్నే వాడతారు. మనల్ని ఎక్కువగా మోసం చేసేది కూడా అదే. ఎందుకంటే ప్రోగ్రాంకు తెలిసింది కీళ్ల లెక్క ఒక్కటే. ఇరవై ఏళ్లుగా ఆ పని చేస్తున్న మనిషి ఒంట్లో ఉన్న ఒడుపు దానికి తెలియదు.

బస్తా సంగతే తీసుకోండి. ఒకసారి మార్కెట్‌కు సరుకు పంపే ఒక గోదాములో బస్తా ఎత్తడాన్ని సిమ్యులేట్ చేశాను. పుస్తకంలో ఉన్నట్టే బొమ్మ మోకాళ్లు వంచింది, నడుం నిటారుగా పెట్టింది, బస్తాను రెండు చేతులతో ఛాతీకి హత్తుకుని లేచింది. ఆ వీడియో హమాలీల మేస్త్రీకి చూపించాను. ఆయన శ్రద్ధగా మొత్తం చూసి, "గట్లెవ్వరు ఎత్తరు సార్. ఇద్దరు లేపుతరు, ఒకడు వీపు పెడ్తడు" అన్నాడు. తర్వాత వాళ్లు చేసి చూపించారు. ఇద్దరు చెరో వైపు నిలబడి బస్తా మూలల్లో కొక్కెం గుచ్చారు. ఒక ఊపు, రెండో ఊపు. మూడో ఊపుకు బస్తా గాల్లో ఉన్న క్షణంలో మూడో మనిషి వెనక్కి తిరిగి వంగి దాని కిందకు వీపు దూర్చాడు. బరువు మెడ కింద, భుజాల నడుమ పడింది. తల మీంచి వేసుకున్న గోనెగుడ్డ జారకుండా ఒక చేత్తో పట్టుకుని చిన్న చిన్న అడుగులతో దాదాపు పరుగులాంటి నడకతో లారీకి వాల్చిన చెక్క మీదుగా ఎక్కిపోయాడు. ఇదంతా పది సెకన్లలో అయిపోయింది.

నా బొమ్మ చేసిన పనికి, వాళ్లు చేసిన పనికి పోలికే లేదు. నేను నడుం కింది వెన్నుపూసల మీద బరువు లెక్కేస్తున్నాను. అక్కడ అసలు ప్రమాదం మెడ మీద, చెక్క మీద జారే కాలి మీద, కొక్కెం పట్టిన మణికట్టు మీద ఉంది. పైగా బొమ్మ చేతిలోని బస్తా గట్టి పెట్టెలా ఉంది. నిజం బస్తా మధ్యలో కుంగుతుంది, లోపలి సరుకు ఒక వైపుకు జారుతుంది. లెక్కలో తప్పు లేదు, లెక్కేసిన పని తప్పు. అందుకే ముందు మూడు రోజులు చూడమంటున్నాను. వీడియో ఒక పక్క నుంచి, ఒక వెనక నుంచి, రెండూ తీయండి. పొద్దున పది గంటలకు, సాయంత్రం నాలుగున్నరకు రెండుసార్లు తీయండి. అలసిపోయాక మనిషి ఎత్తే తీరు మారిపోతుంది.

బస్తాకింత అని కూలి ఇస్తుంటే ఆ సంగతి కూడా రాసుకోండి. పనివేగం కూలి లెక్కను బట్టి ఉంటుంది. మీరు ఎంత మంచి భంగిమ చూపించినా, దానివల్ల గంటకు పది బస్తాలు తగ్గుతాయంటే ఎవరూ పాటించరు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు.

ఇక లెక్కలు. ఇది సాఫ్ట్‌వేర్ లేకుండా కాగితం మీదే చేయొచ్చు, మీ మేనమామకు చూపించడానికి ఇంతకంటే పనికొచ్చేది లేదు. అమెరికాలో కార్మికుల భద్రత, ఆరోగ్యం మీద పరిశోధించే నియోష్ సంస్థ 1991లో సవరించిన బరువులెత్తే సూత్రం ఉంది. అన్నీ అనుకూలంగా ఉంటే ఎత్తదగ్గ బరువు 23 కిలోలు. అక్కడి నుంచి ఒక్కో ప్రతికూలతకు కోత పడుతుంది.

మీ పాత షెడ్డులాంటి చోట ఒక్కరే నేల మీది బస్తాను కాటా బల్ల మీదకు ఎత్తుతున్నారనుకుందాం. చేతులు చీలమండల నుంచి 50 సెంటీమీటర్లు ముందుకున్నాయి: దీనికి గుణకం 25ను 50తో భాగిస్తే వచ్చే 0.5. చేతులు నేల నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తులో మొదలవుతున్నాయి: 0.82. పైకి 60 సెంటీమీటర్లు ఎత్తాలి: 0.895. ఒళ్లు 45 డిగ్రీలు పక్కకు తిప్పాలి: 0.856. నిమిషానికి ఒకటి చొప్పున రోజంతా: 0.75. పట్టు సరిగా చిక్కని గోనెసంచి: 0.90. అన్నీ 23తో గుణించి చూడండి. వచ్చేది 4.9 కిలోలు. ఎత్తుతున్న బస్తా 40 కిలోలైతే, ఎత్తదగ్గ దానికి ఎనిమిది రెట్లు పైనే.

ఇప్పుడు లేఅవుట్ మార్చండి. బస్తా నేల మీద కాకుండా 75 సెంటీమీటర్ల ఎత్తు చెక్క మీద ఉంది. మనిషి దగ్గరకు జరిగి నిలబడగలడు, చేతుల దూరం 30 సెంటీమీటర్లే. పక్కకు తిరగనక్కర్లేదు, ఎత్తు తేడా దాదాపు లేదు. అదే లెక్క ఇప్పుడు 12.9 కిలోలు చూపిస్తుంది. బస్తా బరువు ఒక్క కిలో కూడా తగ్గించకుండా, కేవలం వస్తువుల చోటు మార్చి, పరిమితిని రెండున్నర రెట్లు పెంచాం. లేఅవుట్ గొప్పతనం ఇది.

కానీ రెండో సంఖ్యను కూడా నిజాయితీగా చూడండి. 40 కిలోల బస్తా అప్పటికీ మూడు రెట్లు ఎక్కువే. ఎంత మంచి బల్ల వేసినా ఆ బస్తాను ఒక్క మనిషే రోజంతా ఎత్తకూడదు. ఎత్తడాన్ని జరపడంగా మార్చాలి: రోలర్లు, ఒకే ఎత్తులో ఉండే ట్రాలీ, లేదంటే గొలుసు లాగి బరువెత్తే చైన్ బ్లాక్. నేనైతే కొత్త షెడ్డులో మొదటి డబ్బు రోలర్ల మీదే పెట్టిస్తాను.

ఈ సూత్రానికి హద్దులున్నాయి, అవి మన దగ్గర చాలా ముఖ్యం. రెండు చేతులతో, నిలబడి, జారని నేల మీద ఎత్తడానికే అది వర్తిస్తుంది. వీపు మీద మోసుకుపోయే హమాలీకి వర్తించదు. గాలి వేడి 19 నుంచి 26 డిగ్రీల మధ్య ఉంటుందని అది అనుకుంటుంది. మిర్చి సీజన్ ఫిబ్రవరిలో ఊపందుకుని మే దాకా నడుస్తుంది. ఏప్రిల్ మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద 26 డిగ్రీలు ఎక్కడివి? కాబట్టి వచ్చిన సంఖ్యను పైహద్దుగా తీసుకోండి, అంతకంటే తక్కువే మంచిది. ఘాటు సంగతీ అంతే. బొమ్మకు దగ్గు రాదు. మనిషి మిర్చిదుమ్ముకు మొహం పక్కకు తిప్పి, మెడ వంచి పనిచేస్తాడు. గాలి బయటకు లాగే ఫ్యాన్ సరైన చోట పెడితే మెడ నొప్పి తగ్గిన షెడ్డు నేను చూశాను. ఏ సిమ్యులేషన్‌లోనూ అది రాదు.

భంగిమలకు మార్కులేసే పద్ధతుల్లో రూలా (1993), రీబా (2000) ఎక్కువగా వాడుకలో ఉన్నాయి, చాలా సాఫ్ట్‌వేర్లలో ఇవి లోపలే ఉంటాయి. రూలాలో 1, 2 వస్తే పర్వాలేదు, 7 వస్తే వెంటనే మార్చాలి. ఏరివేత బల్లకు రూలా, బస్తాల పనికి రీబా తీసుకోండి. ఇవి ఒక క్షణాన్ని చూసి మార్కులేస్తాయి. ఎనిమిది గంటలు తల వంచుకుని తాలు ఏరే మెడకు, ఒక్క నిమిషం వంచే మెడకు మధ్య ఉన్న తేడా ఆ మార్కుల్లో పూర్తిగా రాదు.

నేల మీది పని, చీర కొంగు

మన ఆడవాళ్లు చాలామంది తాటిపత్రి పరుచుకుని, గొంతుక్కూర్చునో సకిలంముకిలం వేసుకునో ఏరతారు. చాలా సాఫ్ట్‌వేర్లలో బొమ్మను గొంతుక్కూర్చోబెడితే మోకాళ్లు ఒక హద్దు దాటి వంగవు, మడమలు నేలకు ఆనవు. బలవంతంగా కూర్చోబెడితే ఎరుపు రంగే చూపిస్తుంది. దాన్ని చూసి "నేల మీద కూర్చోవడమే తప్పు" అని తీర్మానించకండి. చిన్నప్పటి నుంచి అలా కూర్చున్న ఒంటికి అది అలవాటైన భంగిమ. తప్పు గంటలకొద్దీ కదలకుండా కూర్చోవడంలో, ముందుకు వంగి దూరంగా చేయి చాపడంలో ఉంది. కొందరికి నేల మీదే హాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు బల్లే హాయి. రెండూ పెట్టి, రెండు గంటలకోసారి మార్చుకోనివ్వండి. నేల మీద కూర్చునేవాళ్లకు నాలుగు వేళ్ల ఎత్తు పీట ఇస్తే నడుం వంపు ఎంత తగ్గుతుందో వీడియోలో మీరే చూస్తారు.

బొమ్మ చీర కట్టుకోదు. ఇది చిన్న విషయంలా ఉంటుంది. ఒక యూనిట్‌లో బల్ల అంచుకు దగ్గరగా నిలబడితే చేయి చాపే దూరం తగ్గుతుందని నేను గీశాను. వాళ్లు మాత్రం అడుగు దూరంగానే నిలబడేవారు. అడిగితే, "దగ్గరికి పోతే కొంగు బెల్టుల పడ్తది సార్" అన్నారు. అక్కడ కన్వేయర్ బెల్టు అంచుకు కాపుగా రేకు లేదు. ఆ రేకు వేయించాక ఎవరూ చెప్పకుండానే దగ్గరకు జరిగారు, వంగడం తగ్గింది. అది సాఫ్ట్‌వేర్ చెప్పింది కాదు, వాళ్లు చెప్పింది.

సెన్సర్లు, ఫోను, హెడ్‌సెట్

ఒంటికి కట్టుకునే సెన్సర్ల సూట్లు అద్దెకు దొరికితే సంతోషమే, కానీ వాటిలో చాలావరకు దిక్కు కోసం అయస్కాంత క్షేత్రం మీద ఆధారపడతాయి. చుట్టూ ఇనుము, మోటార్లు ఉంటే దారితప్పుతాయి. సిరిసిల్లలో మరమగ్గాల మధ్య ఒకసారి వాడితే, నిటారుగా నిలబడ్డ మనిషి బొమ్మ స్క్రీన్ మీద మెల్లగా పక్కకు తిరిగిపోయింది. మీ షెడ్డులోనూ ఇనుప దూలాలు, బెల్టు మోటారు ఉంటాయి.

ఫోను వీడియోతో మొదలుపెట్టండి. గూగుల్ ఉచితంగా ఇచ్చిన మీడియాపైప్ అనే ప్రోగ్రాం ఒక్క వీడియో నుంచి ఒంటి మీద 33 బిందువులు గుర్తిస్తుంది. మోకాలు, మోచేయి, నడుం వంపు కోణాలు పక్క నుంచి తీసిన వీడియోలో పనికొచ్చేంత బాగా వస్తాయి. నడుం మెలి తిరగడం, మణికట్టు వంపు దాంతో నమ్మకంగా రావు. వదులు చొక్కా, చీర ఉంటే తుంటి బిందువు అటూ ఇటూ గెంతుతుంది. అలాంటప్పుడు కినోవియా అనే ఉచిత ప్రోగ్రాంలో వీడియో ఆపి చేత్తోనే కోణం గీసుకోండి. ఇరవై ఫ్రేములు చేత్తో గీస్తే ఆ పని గురించి ఎంతో తెలుస్తుంది. కండరాల మీద బరువు దాకా వెళ్లాలంటే స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ల ఓపెన్‌సిమ్ అనే ప్రోగ్రాం ఉచితం. చదువుకోవడానికి మంచిది, మీ షెడ్డుకు అంత లోతు అవసరం రాదు. జాక్, డెల్మియా లాంటి ఖరీదైన సాఫ్ట్‌వేర్లు మీ కాలేజీ ల్యాబులో ఉంటే వాడుకోండి. ఈ ఒక్క షెడ్డు కోసం లైసెన్సు కొనడం దండగ. బ్లెండర్ అనే ఉచిత త్రీడీ ప్రోగ్రాంలో కూడా మీ కొలతలతో బొమ్మ చేసి, అందే దూరాలు, చూపు పడే చోట్లు చక్కగా చూసుకోవచ్చు.

వీఆర్ హెడ్‌సెట్ ఎందుకు వద్దంటున్నానంటే, అందులో బరువు ఉండదు. ఖాళీ చేతులతో లేని బస్తాను ఎత్తే మనిషి నడుం వంచే తీరు, నిజంగా 40 కిలోలు ఎత్తే తీరు ఒకటి కావు. హెడ్‌సెట్‌లో దూరాలు కూడా ఉన్నదానికంటే దగ్గరగా అనిపిస్తాయి. విమానం తయారీలోనో కార్ల లైన్‌లోనో ఇరుకు చోట్లోకి చేయి దూరుతుందా అని చూడటానికి అది గొప్ప సాధనం, అక్కడ నేనూ వాడాను. మీకు అంతకంటే మంచి వర్చువల్ షెడ్డు ఉంది: ఖాళీ స్థలంలో నేల మీద సుద్దతో అసలు కొలతల్లోనే లేఅవుట్ గీయండి. బల్లల చోట అట్టపెట్టెలు పేర్చండి. నిజం బస్తా తెప్పించి, పనిచేసేవాళ్లతోనే ఒక పూట చేయించండి. ఆ పూటకు కూలి ఇవ్వండి, ఊరికే చేయించకండి.

మన పక్కనే ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం గారి సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఒక్క చీరకు ఆసు పోయాలంటే (నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పి సిద్ధం చేయాలంటే) చేయి దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ తిప్పాలి. వాళ్లమ్మ లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక ఏళ్ల తరబడి తంటాలు పడి, 1999లో ఆసు యంత్రం పూర్తి చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన దగ్గర ఏ సిమ్యులేషనూ లేదు. ఏ కదలిక ఒంటిని అరగదీస్తోందో రోజూ ఇంట్లో కళ్లారా చూశారు, ఆ ఒక్క కదలికను మనిషి నుంచి తీసి యంత్రానికి ఇచ్చారు. మీ షెడ్డులో ఆ ఒక్క కదలిక ఏదో మీరు పట్టుకోగలిగితే సాఫ్ట్‌వేర్‌కు అడగాల్సిన ప్రశ్న మీకు దొరికినట్టే.

నేను మీ చోట ఉంటే పని ఇలా మొదలుపెడతాను. మొదటి వారం పాత షెడ్డులో చూపు, కొలతలు, వీడియోలు. ఎవరికి ఎక్కడ నొప్పి, ఏ పూట మొదలవుతుంది అని ఒక్కొక్కరినీ విడిగా, యజమాని పక్కన లేనప్పుడు అడగండి. యజమాని ఉంటే "ఏం లేదు సార్, బానే ఉంది" అంటారు. రెండో వారం బొమ్మలకు మీ కొలతలు ఇచ్చి, పాత షెడ్డునే కంప్యూటర్‌లో గీసి, వీడియోలో ఉన్న కదలికలే చేయించండి. ఇది చాలామంది వదిలేస్తారు, కానీ పాత షెడ్డులో నొప్పి ఎక్కడ ఉందో బొమ్మ కూడా అక్కడే ఎరుపు చూపిస్తేనే కొత్త షెడ్డు గురించి అది చెప్పేది నమ్మాలి. అది కుదిరాక రెండు మూడు కొత్త లేఅవుట్లు గీసి పోల్చండి. బాగున్న దాన్ని సుద్దతో నేల మీదకు దించండి. కట్టిన తర్వాత నెలకు, మూడు నెలలకు మళ్లీ అదే ప్రశ్నలు అడగండి.

వీలైతే ఇక్కడే ఈ వివరాలు రాయండి: బస్తా అసలు బరువు కాటా వేసి, నేల మీద ఎంతమంది ఏరుతున్నారు, కాటా బల్ల ఎత్తు, లారీ డెక్కు ఎత్తు, కూలి రోజుకా బస్తాకా. వీడియో పెట్టేటప్పుడు మొహాలు కనబడకుండా చూసుకోండి, వాళ్లను అడిగాకే తీయండి. లారీ డెక్కుకు, షెడ్డు అరుగుకు ఎత్తు తేడా ఎంతో ముందుగా చెప్పండి. అరుగును డెక్కు ఎత్తుకే కట్టేస్తే ఆ వాలు చెక్క అవసరమే పడదు. పునాది పోయకముందే తేల్చుకోవాల్సింది అదొక్కటే, మిగతావన్నీ తర్వాతైనా మార్చుకోవచ్చు.